చుక్కల గీత గీయాల్సిన చోట

గనుల సర్వేలో ఒక నియమం ఉంది. మనిషి వెళ్లి కొలిచి వచ్చిన దారిని నిండు గీతతో గీస్తారు. వెళ్లలేకపోయిన దారిని, పాత కాగితాలను బట్టి ఉందని అనుకునే దారిని చుక్కల గీతతో గీస్తారు. మందమర్రి దగ్గర బొగ్గు గనుల్లో ముప్పై ఏళ్లకు పైగా నేను చేసిన పని ఇదే. భూమి కింద ఏ దారి ఎటు పోతుందో కాగితం మీద పెట్టడం. మూసేసిన పాత గనుల్లో నీళ్లు నిండి ఉంటాయి. వాటి అంచు ఎక్కడుందో చూడకుండా నిండు గీత గీస్తే, ఆ గీతను నమ్మి పక్కనుంచి తవ్వేవాళ్ల మీదికి ఆ నీళ్లు వస్తాయి. కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజే ఈ సంగతి చెప్పేవాణ్ణి. చెప్పేటప్పుడు కొంచెం గొంతు పెంచేవాణ్ణి కూడా.

అలాంటి నేను రిటైరయ్యాక, నేల మీద, పట్టపగలు, చుక్కలు పెట్టాల్సిన చోట నిండు గీత గీశాను. ఆ గీత వల్ల ఒకామె కాలు విరిగింది. ఆ తర్వాత నేను చెప్పిన అబద్ధం వల్ల ఒక మనిషి పని పోయింది. మొదటిదాన్ని పొరపాటు అనుకోవచ్చు. రెండోదానికి ఆ పేరు సరిపోదు.

నా భార్య చనిపోయి అప్పటికి మూడేళ్లు. క్వార్టర్ ఖాళీ చేసి కరీంనగర్‌లో ఒక మేడ మీది గదిలో ఉంటున్నాను. ఎవరితోనూ మాట్లాడకుండానే రోజంతా గడిచిపోయేది. సాయంత్రం పాల ప్యాకెట్ అడగబోతే గొంతు పట్టేసేది. పొద్దుటి నుంచి అదే మొదటి మాట అని అప్పుడు తెలిసేది. అలా ఉన్నప్పుడు మా పాత డిపార్టుమెంటు ఆయన ఒకరు ఫోన్ చేశారు. ఆదిలాబాద్ వైపు అడవిలో, జాతీయ పార్కులో, జనం నడవడానికి కాలిబాటలు పెడతారట, పటం గీసే మనిషి కావాలట, పోతావా అన్నారు. ఎన్ని నెలల పని అని కూడా అడగకుండా పోతానన్నాను.

అప్పటిదాకా ఆ పార్కుకు వచ్చినవాళ్లు జీపులో ఎక్కి, దుమ్ములో రెండు గంటలు తిరిగి, దుప్పులను చూసి, దిగి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు నడక పెట్టాలన్నారు. ముసలివాళ్లు నడిచే గంట దారి ఒకటి, సగం రోజు దారులు నాలుగు, పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే పెద్ద దారి ఒకటి. అన్నీ ఒకదానితో ఒకటి కలవాలి, అలసిపోయినవాడు మధ్యలోంచే గేటుకు మళ్లగలగాలి. కొత్తగా ఒక్క చెట్టు కూడా కొట్టకూడదు, ఉన్న కాలిబాటల్లోంచే ఏరుకోవాలి. జంతువులు నీళ్లకు వచ్చే చోట్లకు దూరంగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యమైన షరతు ఒకటుంది. వెళ్లిన దారినే ఎవరూ తిరిగి రాకూడదు. ప్రతి తోవా చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. వెళ్లిన దారినే వస్తే జనానికి విసుగు పుడుతుందని ఆఫీసరు నమ్మకం. ఆయన చిన్నవాడు, చురుకైనవాడు, నడక అంటే ఇష్టమున్నవాడు. ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నాతో తిరగడానికి అడవికి కాపలా కాసే ఒక వాచర్‌ను ఇచ్చారు. రోజు కూలీ మీద పనిచేసే మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. మెట్‌పల్లి దగ్గర ఊరు. సౌదీలో తొమ్మిదేళ్లుండి వచ్చి, భార్య పుట్టిన ఊరు అడవి అంచునే ఉండటంతో అక్కడ చేరాడు. ఆమె బీడీలు చుడుతుంది. డ్రైవర్ పని అని చెప్పి తీసుకుపోయి ఎడారిలో మేకల దగ్గర దించారట. అరబ్బీ కాగితం మీద తనే సంతకం పెట్టాడు కాబట్టి ఎవరితోనూ ఏమీ అనలేకపోయాడట. ఆ కథను నవ్వుతూ చెప్పేవాడు.

“గాడ తోవలుండయి సార్. మేకలు ఎటు పోతే గదే తోవ. పొద్దుమీకి ఎనకకు తిరిగి చూస్తే గాలికి గది సుత పోతది. తొమ్మిదేండ్లు తోవ లేకుంటనే నడిచిన.”

తోవలు తెరిచాక, వచ్చినవాళ్లను నడిపించడానికి ఆరుగురు గైడ్లను తీసుకుంటారని, వాళ్లకు డ్రెస్సు, నెల జీతం ఉంటాయని, పటం పనిలో తిరిగినవాడు కాబట్టి మొదటి పేరు అతనిదేనని ఆఫీసరు నా ముందే అన్నారు. ఆ రోజు తిరిగొస్తుంటే అతను, “ఇగ మళ్ల ఇమానం ఎక్కుడు లేదు సార్” అన్నాడు. ఇంకో ఏజెంటు అప్పటికే పిలుస్తున్నాడని, ఈ పని నిలబడకపోతే వెళ్లక తప్పదని ఆ మాటతోనే చెప్పాడు. కాబట్టి ఈ పని అతనికి ఏమిటో నాకు తెలియదని అనడానికి లేదు.

పొద్దున ఆరున్నరకు గేటు దగ్గరి చాయ్ హోటల్లో కలుసుకునేవాళ్లం. ఆ హోటలాయన ముసల్మాను, గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు. మేం ఇద్దరం వస్తుంటే చూసి, అడక్కుండానే రెండు గ్లాసులు పెట్టి, “జోడీ ఆగయీ” అనేవాడు, జంట వచ్చేసిందని. తర్వాత ఎండెక్కేదాకా నడక. నేను ముందు, అతను వెనక. రెండు రోజులయ్యాక అతను ముందు, నేను వెనక.

కాలిబాటల గురించి నాకు తెలిసింది చాలా తక్కువని అతని వెనక నడిచాకే తెలిసింది. భూమి కింద దారిని మేం తవ్వుతాం, మేం అనుకున్న చోట పోతుంది. అడవిలో ఎవరూ అనుకోరు, దారి పడుతుంది. ఒక తోవను చూసి, అది ఎవరిదో అతను చెప్పేవాడు. పశువుల తోవ అయితే కాళ్ల దగ్గర వెడల్పుగా ఉండి పైన కొమ్మలు మూసుకుని ఉంటాయి. కట్టెల మోపులు మోసే ఆడవాళ్ల తోవ కింద సన్నగా ఉంటుంది, పైన తల దగ్గర తెరిపిగా ఉంటుంది, ఎందుకంటే మోపుకు తగిలే కొమ్మను వాళ్లు విరిచేస్తారు. పందుల తోవలో నడుము వంచకుండా పోలేం. ఇవన్నీ విన్నాక పటంలో ప్రతి తోవ పక్కనా ‘మోపు తోవ’ అనో ‘గొడ్డు తోవ’ అనో చిన్న అక్షరాలతో రాసుకునేవాణ్ణి. సందర్శకులకు మోపు తోవలు మంచివి. వాటిలో తల వంచక్కర్లేదు.

తోవలు కలిసే చోట, నడిచిన దారిని గీతగా చూపే ఫోన్ పట్టుకుని, నేను కాసేపు నిలబడేవాణ్ణి. అడవి తెలియని మనిషి, ఒక్కడే, ఇక్కడికి వస్తే అతని కాళ్లు ఎటు మళ్లుతాయి? బోర్డు పెట్టాల్సింది అక్కడే. అలా నిలబడినప్పుడల్లా అతను నన్ను ఆటపట్టించేవాడు.

“సారూ, మీ ఫోన్‌కు గీత కనవడతది, చెట్టు కనవడది. మీకేమో చెట్టు కనవడతది, ముల్లు కనవడది. జర కిందికి చూడుర్రి.”

అప్పటికే నా మడమలో ముల్లు దిగి ఉండేది. నేను అతన్ని తమ్మీ అని పిలిచేవాణ్ణి. సొంత తమ్ముళ్లతో కూడా అంత మాట్లాడిన గుర్తు లేదు. నా భార్య పోయిన సంగతి, ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను డ్యూటీ వంకతో రోజుకు ఒక్కసారే వెళ్లిన సంగతి మొదట అతనికే చెప్పాను. అతను ఓదార్చలేదు. చెట్టు కింద కూర్చుని విని, “నీళ్లు తాగుర్రి” అని సీసా ఇచ్చాడు.

సాయంత్రం కాగితాల పని ఉండేది. ఏ తోవ నడిచాం, ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎన్ని వాగులు దాటాలి అన్నది ఒక్కో ముక్కకు ఒక్కో ఫారంలో రాయాలి. ఫారం ఇంగ్లీషులో ఉండేది. చివర రెండు సంతకాలు, నడిచినవాళ్లవి. అతను ఏడు దాకా చదువుకున్నాడు. ఫారాలు చదివేవాడు కాదు, “యాడ పెట్టాలె సార్?” అని అడిగి, నేను వేలు పెట్టిన చోట నెమ్మదిగా పెట్టేవాడు. కొన్నిసార్లు ఖాళీ ఫారాల మీద కూడా ముందే పెట్టించుకునేవాణ్ణి, రోజూ అతన్ని ఆపకుండా ఉండటానికి. అందులో నాకు తప్పు కనిపించలేదు. సౌదీ కాగితం కథ తెలిసి కూడా కనిపించలేదు.

మే నెల చివరికి అన్ని చుట్లూ పూర్తయ్యాయి, పెద్ద దారిది తప్ప. దానికి ఒక కిలోమీటరు పైచిలుకు ముక్క మిగిలింది. గుట్ట మీది తోవకూ కింద వాగు పక్క తోవకూ మధ్య కలిపే ముక్క. ఆ రోజు ఎండ దారుణంగా ఉంది. నా మడమ వాచి చెప్పు పట్టడం లేదు. గుట్ట మీద తోవ చీలే చోట ఒక పచ్చి మోదుగ మండ అడ్డంగా పడి ఉంది. గాలికి పడింది కాదు, విరిచి వేసింది. దాని మొదలు మీద రాయి పెట్టి ఉంది.

అతను ఆగిపోయాడు. పొద్దున తునికాకుకు పోయిన గూడెం ఆడవాళ్లు వేసి ఉంటారన్నాడు. ముందు పోయినవాళ్లు వెనక వచ్చేవాళ్లకు మండ వేసి చెబుతారు, ఇటు రావద్దని. ఎందుకో చెప్పరు. ఎలుగు ఉండొచ్చు, తేనెటీగలు లేచి ఉండొచ్చు, ఏదైనా కావచ్చు.

“ఎందుకో కనుక్కోవా?” అన్నాను.

“పొద్దుమీకి గూడెంల అడుగుత. మండ ఏసినంక పోవద్దు సార్. పొయ్యెటోడు పోతే, రేపు వాడు మండ ఏస్తే ఎవడు ఆగుతడు?”

నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు నేను చుక్కల గీతల గురించి చెప్పిన పాఠం కూడా అదేనని ఆ క్షణాన తట్టలేదు. అయితే నవ్వు కంటే ముందు నాకు కలిగింది నిశ్చింత. కాలు నొప్పితో ఆ కిలోమీటరు దిగక్కర్లేదని. వెనక్కి తిరిగి వచ్చేశాం. మర్నాడు అతనికి జ్వరం వచ్చింది, నాలుగు రోజులు రాలేదు. పటం ఇవ్వాల్సిన గడువు అయిదు రోజుల్లో ఉంది.

గదిలో కూర్చుని ఉపగ్రహం నుంచి తీసిన అడవి ఫొటోను పెద్దది చేసి చూశాను. మండ పడి ఉన్న చోటు నుంచి కిందికి, వాగు వైపు, తెల్లటి సన్నని గీత స్పష్టంగా కనిపించింది. నేరుగా, వంకర లేకుండా. నేరుగా ఉన్న తోవ మోపు తోవా కాదు, గొడ్డు తోవా కాదు. ఆ సంగతి నాకు నేర్పినవాడు జ్వరంతో పడుకుని ఉన్నాడు. అది అగ్గి గీత. ఎండాకాలానికి ముందు, మంటలు పాకకుండా అడవిలో ఆకు ఊడ్చి గడ్డి కోసి ఒక పట్టీలా నేలను బోడి చేస్తారు. అది ఎక్కడికీ పోయే తోవ కాదు. నేను దాన్ని తోవ అనుకోవాలనుకున్నాను, అనుకున్నాను.

చుక్కలతో గీసి పక్కన ‘నడవలేదు’ అని రాస్తే సరిపోయేది. ఒక నిమిషం పని. కాని చుట్టు పూర్తికాని పటం ఆఫీసరు ముందు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. రిటైరైన మనిషికి ఇంకా పని వచ్చని చూపించుకోవాలన్న పట్టుదల కూడా ఉంది. నిండు గీత గీశాను. ముందే సంతకం పెట్టించుకున్న ఖాళీ ఫారం తీసి, తేదీ వేసి, దూరం వేసి, పక్కన నా సంతకం పెట్టాను. అతను తిరిగి వచ్చాక మండ ఎందుకు వేశారో అడిగావా అని నేను అడగలేదు. అతను చెప్పబోతే మాట మార్చాను. పటం అతనికి చూపించలేదు.

వానలు అయిపోయాక, నవంబరులో, తోవలు బాగుచేయించే ముందు ఒకసారి నడిచి చూద్దామని ఆఫీసరు కరీంనగర్ నుంచి నడక సంఘం వాళ్లను ఎనిమిది మందిని పిలిపించారు. పెద్ద దారి వాళ్లతో ఆయనే నడిచారు, చేతిలో నా పటం. నేను కాలు నొప్పి చెప్పి గేటు దగ్గర ఉండిపోయాను. అతన్ని కింద వాగు దగ్గర నీళ్ల క్యాన్లతో ఉంచారు.

వానలకు అగ్గి గీత మీద నడుమెత్తు గడ్డి మొలిచింది. దాని చివర గుట్ట అంచు జారిపోయి ఉంది. ఎండాకాలంలోనే జారడం మొదలైంది, అందుకే ఆడవాళ్లు మండ వేశారు. ఆ సంగతి తర్వాత తెలిసింది. గడ్డిలో అంచు కనపడక ఒక టీచరమ్మ కాలు వేసిన చోట నేల లేదు. ఇద్దరు మనుషుల ఎత్తు జారి పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. అరుపులు విని వాగు దగ్గర్నుంచి పైకి ఎక్కి వచ్చింది అతనే. తన కండువా, ఇంకెవరిదో దుప్పటి కలిపి వెదురు గడకు కట్టి డోలీ చేసి, మరో ముగ్గురితో కలిసి ఆమెను గేటు దాకా మోసుకొచ్చాడు. ఆమెను జీపు ఎక్కించాక, చెమట తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“మీరు గా తోవ ఎప్పుడు నడిచిర్రు సార్?”

నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. తను జ్వరంలో ఉన్నప్పుడు నేను ఒక్కణ్ణే వెళ్లి ఉంటానని అనుకున్నాడు. నేను జీపు వైపు చూస్తూ, ముందు ఆమె సంగతి చూద్దాం అన్నాను.

మూడు రోజుల తర్వాత ఆఫీసులో విచారణ. బల్ల మీద ఆ ఫారం. ఈ ముక్క ఎవరు నడిచారని ఆఫీసరు అడిగారు. వచ్చేటప్పుడు బస్సులో నేను నిజం చెప్పాలనే అనుకున్నాను. ఆ మాటలు కూర్చుకున్నాను కూడా. కాని ఎదురుగా కూర్చున్నాక నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

“మేం ఇద్దరం నడిచినం సార్. అడవి ఆయనకు ఎరుక. కిందికి కలుస్తదని ఆయనే చెప్పిండు. నేను నమ్మిన.”

ఆఫీసరు ఫారం అతని వైపు తిప్పి, సంతకం నీదేనా అన్నారు.

“సంతకం నాదే సార్. కని మేం అటు పోలే. మండ ఏసి ఉండె. నేనే వద్దన్న.”

మండ ఏమిటని ఆఫీసరు నన్ను అడిగారు. అతన్ని అడగలేదు. అది నాకు దొరికిన రెండో అవకాశం. నేను కొంచెం నవ్వుతూ, ఆకు కొమ్మ కనపడితే ముందుకు పోరు సార్, వీళ్లకు ఇట్లాంటి పట్టింపులు చాలా ఉంటాయి అన్నాను. ఆఫీసరు కూడా సగం నవ్వారు. ఆ సగం నవ్వుతో విచారణ అయిపోయింది. అతను నా వైపు చూడలేదు. ఎదురుగా గోడకు వేలాడుతున్న నా పటం వైపు చూస్తూ నిలబడ్డాడు. దాన్ని అతను చూడటం అదే మొదటిసారి.

గైడ్ల జాబితాలో అతని పేరు రాలేదు. వాచర్ పని నుంచి కూడా తీసేశారు. నాకు మాత్రం బోర్డులు ఎక్కడ పెట్టాలో గుర్తించే పని ఇచ్చారు. ఇంకో రెండు నెలలు అక్కడే ఉన్నాను. పొద్దున హోటలుకు వెళ్తే హోటలాయన చూసి, రెండో గ్లాసు తీయబోయి ఆగాడు.

“జోడీ ఏది సాబ్? కొట్లాడుకున్నరా?”

అతనికి వేరే పని దొరికిందన్నాను. ఆయన ఒక్క గ్లాసే నింపాడు. ఊరు చిన్నది, సంగతి అప్పటికే ఆయనకు తెలిసి ఉంటుంది. తర్వాత రోజు నుంచి నేను హోటలుకు వెళ్లడం మానేశాను. గదిలోనే చాయ్ పెట్టుకుని తాగి, ఒక్కణ్ణే అడవిలోకి వెళ్లి, తోవలు కలిసే చోట నిలబడేవాణ్ణి. ఎటు మళ్లాలో చూసేవాణ్ణి. ఒకసారి అలా నిలబడి ‘తమ్మీ’ అని పిలిచాను, వెనక్కి తిరక్కుండానే, అలవాటుగా. పిలిచాక ఆ రోజు పని చేయలేకపోయాను.

అతని ఇంటికి వెళ్లడానికి నాకు అయిదు నెలలు పట్టింది. ఈ అయిదు నెలలు ఎందుకు పట్టాయో చెప్పడానికి చాలా కారణాలు రాసి కొట్టేశాను. భయం తప్ప వాటిలో ఏదీ నిలబడలేదు.

అతని భార్య అరుగు మీద చాటలో తునికాకులు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టింది. ఫోన్లో ఫొటో చూపించి ఉంటాడు. కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. అతను సౌదీ వెళ్లి మూడు నెలలైందట. మళ్లీ మేకల దగ్గరికే. ఈసారి తెలిసే వెళ్లాడట. నేను చెప్పాల్సిందంతా చెప్పాను, ఫారం సంగతి, మండ సంగతి, నేను నవ్విన సంగతి. ఆమె వింటూనే బీడీ చుట్టి, దారం కట్టి, కట్టలో పెట్టింది. చేతులు ఆపలేదు.

“నాకెందుకు చెప్తున్నరు సార్?” అంది. “మా ఆయన పోలే అన్నప్పుడే నేను నమ్మిన. నమ్మనోళ్లకు చెప్పుర్రి. ముందుగాల ఆఫీసుల చెప్పుర్రి. గప్పుడు ఆయనకు చెప్పుర్రి. వట్టిగ ఆయనకు చెప్తే ఏం ఫాయిద?”

నంబరు ఇస్తానని, కాని ఆఫీసులో చెప్పి వచ్చాకే ఇస్తానని అంది.

ఆఫీసుకు వెళ్లేసరికి ఆ ఆఫీసరు బదిలీ అయ్యారు. కొత్తాయన పెద్దవాడు, ఓపికగా చదివారు. రెండు పేజీలు, నా చేత్తో రాసినవి. ఆ ముక్క నేను నడవలేదు, అతనూ నడవలేదు, ఖాళీ ఫారం మీద ముందే తీసుకున్న సంతకం అది, అటు పోవద్దని అతను చెప్పాడు, విచారణలో నేను అబద్ధం చెప్పాను. చదివి, ఇప్పుడు ఎందుకు ఇస్తున్నారని అడిగారు. అప్పుడే ఇవ్వాల్సింది సార్ అన్నాను. ఆయన కింద తేదీ వేయమన్నారు. గైడ్ల పోస్టులు నిండిపోయాయని, ఖాళీ వస్తే అతని పేరు చూస్తానని, మాట మాత్రం ఇవ్వలేనని చెప్పారు. నా కాగితం ఫైల్లో, ఆ ఫారం పక్కనే పెట్టించారు. నన్ను మళ్లీ పనికి పిలవరని ఆయన చెప్పకుండానే అర్థమైంది. అది న్యాయమే.

పటం ఒక్కటి సరిచేసి ఇచ్చి వెళ్తానని అడిగితే ఒప్పుకున్నారు. ఆ కిలోమీటరు పైచిలుకు ముక్క తీసేశాను. పెద్ద దారి ఇప్పుడు గుట్ట మీద ఆగిపోతుంది. అక్కడికి వెళ్లినవాళ్లు కింది అడవిని, వాగును చూసి, వెళ్లిన దారినే తిరిగి రావాలి. విసుగు పుట్టిందని ఎవరూ ఫిర్యాదు చేసినట్టు నేను వినలేదు.

ఆఫీసు కాగితం నకలు చూపిస్తే ఆమె చదివించుకుని విని, నంబరు ఇచ్చింది. ఫోన్ చేసే ధైర్యం లేక వాయిస్ మెసేజి పెట్టాను. నాలుగుసార్లు చెప్పి చెరిపి, అయిదోసారి పంపాను. క్షమించమని అడగలేదు. అడిగితే దానికీ అతనే ఏదో ఒకటి చెప్పాల్సి వస్తుంది. జరిగింది చెప్పాను, ఆఫీసులో ఇచ్చింది చెప్పాను, ముక్క మూసేశామని చెప్పాను.

పదకొండు రోజులకు జవాబు వచ్చింది. వెనక మేకల అరుపులు, గాలి. మధ్యమధ్యలో అతను ఎవరినో అరబ్బీలో అదిలిస్తున్నాడు, మేకనో మనిషినో తెలియలేదు.

“సార్, విన్న. మా ఇంటిది సుత చెప్పింది. ఆఫీసుల చెప్పిర్రట, మంచిగైంది, మా అత్తగారి ఊర్లె జర మొకం ఎత్తుకుంటది ఆమె. గా తోవ మూసుడు సుత మంచిదే. ఇంకెవలన్న పడుదురు.” ఇక్కడ చాలాసేపు గాలి శబ్దం. “సార్, ఒక్క మాట. కోపమేం లేదు, ఫికర్ చెయ్యకుర్రి. కని మళ్ల ఫోన్ చెయ్యకుర్రి. రెండేండ్లు రాసిచ్చి వచ్చిన. మీ గొంతు ఇంటే గా అడవి యాదికొస్తది. యాదికొస్తే ఈడ పొద్దు పోదు. వచ్చినంక చూద్దాం.”

కోపం లేదని అతను అన్న మాటను నేను నమ్మను. నమ్మితే నాకు సుఖంగా ఉంటుంది, అందుకే నమ్మను. ఫోన్ చేయవద్దన్న మాటను మాత్రం నమ్ముతాను.

ఇప్పుడు కరీంనగర్ గదిలోనే ఉంటున్నాను. రోజంతా మాట్లాడకుండా గడిచే రోజులు మళ్లీ వచ్చాయి. అవి ముందటి రోజుల్లాంటివి కావు. అప్పుడు మాట్లాడటానికి మనిషి లేడు. ఇప్పుడు ఉన్నాడు, నేను మాట్లాడకూడదు. అతను చెప్పిన రెండేళ్లకు ఇంకా పద్నాలుగు నెలలున్నాయి. వచ్చాక చూద్దామన్నాడు, చూస్తాడో లేదో తెలియదు.

ఆ మెసేజికి జవాబుగా ఆ రోజే ‘సరే తమ్మీ’ అని టైపు చేశాను. పంపబోయి, అది చేరినప్పుడు అక్కడ అతని జేబులో ఫోన్ మోగుతుందని గుర్తొచ్చింది. పంపకుండా చెరిపేశాను.